కనే లెక్క సరే, బతికే లెక్క ఏది?

ఎన్నికలు దగ్గరపడిన ప్రతిసారీ ఈ దేశంలో ముస్లిం స్త్రీ గర్భం బహిరంగ సభల్లో చర్చనీయాంశమవుతుంది. వారు పెరిగిపోతున్నారు, మనం తరిగిపోతున్నాం అనే మాట మైకుల్లో మారుమోగుతుంది. ఈ పాట కొత్తది కాదు. 1909లో బెంగాల్‌లో యు.ఎన్. ముఖర్జీ అనే సైనిక వైద్యాధికారి జనగణన అంకెలను అడ్డుపెట్టుకొని, హిందువులు నశిస్తున్న జాతి అని రచన చేసి ప్రచారంలో పెట్టాడు. ఆ తర్వాత శతాబ్దానికి పైగా గడిచింది. నశించిపోవాల్సిన జాతి 2011 జనగణన నాటికి 96 కోట్లు దాటి, దేశ జనాభాలో 79.8 శాతంగా ఉంది. ముస్లింలు 17 కోట్ల పైచిలుకు, అంటే 14.2 శాతం. జోస్యం తప్పింది. భయం మాత్రం తరం తర్వాత తరానికి వారసత్వంగా అందుతూనే ఉంది.

ఆ భయాన్ని అమ్ముకొనేవారు మన పిల్లలను లెక్కిస్తారు. ఆ పిల్లలు ఎన్నేళ్లు బతుకుతారన్నది మాత్రం ఎన్నడూ లెక్కించరు. జనాభా శాస్త్రంలో ఈ రెండు లెక్కలూ విడదీయరానివి. ఎక్కడ మనుషులు ఎక్కువ కాలం బతుకుతారో అక్కడ కాన్పులు తగ్గుతాయి. ఎక్కడ ఆడపిల్ల బడికి వెళుతుందో అక్కడ ఆ రెండు మార్పులూ వేగంగా వస్తాయి. ఇరుగుపొరుగు ప్రాంతాలను పక్కపక్కన నిలబెట్టి చూస్తే ఈ సత్యం ఎవరికైనా బోధపడుతుంది. అందుకే ఆ పోలిక వారికి గిట్టదు.

అంకెల గారడీ

ముందుగా అంకెలను ఎలా వక్రీకరిస్తారో చూద్దాం. 2004 సెప్టెంబరులో 2001 జనగణన మత వివరాలు వెలువడినప్పుడు, పదేళ్లలో ముస్లిం జనాభా 36 శాతం పెరిగిందని దేశమంతా గగ్గోలు పుట్టింది. అసలు సంగతి ఏమిటంటే, 1991లో జమ్ము కశ్మీర్‌లో జనగణన జరగలేదు. 2001లో జరిగింది. పాత లెక్కలో లేని రాష్ట్రాన్ని కొత్త లెక్కలో కలిపి, ఆ మొత్తాన్నంతా పెరుగుదలగా చూపారు. ఆ లోపాన్ని సరిదిద్దాక అంకె 30 శాతం లోపుకు దిగింది. కానీ మొదటి రోజు పతాక శీర్షిక చదివినవారిలో ఎందరు సవరణ చదివి ఉంటారు?

ఇరవై ఏళ్ల తర్వాత, 2024 మే నెలలో, పోలింగ్ జరుగుతుండగానే ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలి నుంచి ఒక పత్రం వెలువడింది. 1950 నుంచి 2015 వరకు ముస్లింల వాటా 43 శాతం పెరిగిందని, హిందువుల వాటా దాదాపు 8 శాతం తగ్గిందని పత్రికలు రాశాయి. ఆ 43 శాతం వెనుక ఉన్నది ఇది: జనాభాలో ముస్లింల వాటా 9.84 నుంచి 14.09కి చేరింది. అరవై అయిదేళ్లలో నూటికి నాలుగు మంది పైచిలుకు పెరిగారు. చిన్న అంకెకు శాతం కడితే పెద్దగా కనిపిస్తుంది, పెద్ద అంకెకు శాతం కడితే చిన్నగా కనిపిస్తుంది. ఇది హైస్కూలు విద్యార్థికి తెలిసిన గణితం. తెలిసి కూడా దీన్ని ఆయుధంగా వాడేవారిని ఏమనాలి?

ఒక స్త్రీ తన జీవితకాలంలో సగటున కనే పిల్లల సంఖ్యను సంతాన సాఫల్య రేటు అంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం 1992-93లో ఈ రేటు ముస్లింలలో 4.41, హిందువులలో 3.30. 2019-21 నాటికి ముస్లింలలో 2.36, హిందువులలో 1.94. ఒకప్పుడు ఒకటికి మించి ఉన్న తేడా ఇప్పుడు అరలోపు. ఈ మూడు దశాబ్దాలలో మన రేటు తగ్గిన వేగమే ఎక్కువ. ముస్లింల వాటా ఈ శతాబ్దాంతానికి ఐదో వంతు లోపే స్థిరపడుతుందని సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. కోట్ల మంది చదవగలిగిన ఈ ప్రభుత్వ నివేదికలను పక్కనపెట్టి, వేదిక మీది కేకనే ప్రమాణంగా తీసుకోవడం అమాయకత్వం కాదు.

ఒకే మతం, రెండు జిల్లాలు

సంతానం మతాన్ని బట్టి ఉంటుందన్నదే వారి వాదన అయితే, ఒకే మతంవారు ఉన్న రెండు జిల్లాలు ఒకేలా ఉండాలి. హర్యానాలోని మేవాత్ (నేటి నూహ్) జిల్లాలో ముస్లింలు 79 శాతం. కేరళలోని మలప్పురంలో 70 శాతం. 2001-2011 మధ్య మేవాత్ జనాభా దాదాపు 38 శాతం పెరిగింది. మలప్పురం జనాభా పెరిగింది 13 శాతం మాత్రమే. అదే ఖుర్‌ఆన్, అదే నమాజ్, అదే నికాహ్. మరి తేడా ఎక్కడిది? 2011లో మేవాత్ స్త్రీల అక్షరాస్యత 37 శాతం కూడా లేదు. మలప్పురంలో అది 91 శాతం దాటింది.

మేవాత్‌కు ఆనుకొని ఉన్నది గుర్గావ్. అద్దాల మేడలు, అంతర్జాతీయ కంపెనీలు, కార్పొరేట్ ఆసుపత్రులు ఉన్న నగరం. 2005లో వేరుపడే వరకు మేవాత్ అధికభాగం ఆ జిల్లాలోనే ఉండేది. అక్కడ స్త్రీల అక్షరాస్యత 78 శాతం. ఒకే జిల్లా యంత్రాంగం కింద దశాబ్దాల పాటు ఉన్న రెండు భాగాలలో ఒకటి దేశానికి తలమానికమైంది. రెండోదాన్ని 2018లో నీతి ఆయోగ్ పరిశీలించిన 101 వెనుకబడిన జిల్లాలలో అట్టడుగున చేర్చింది. ఈ వెనుకబాటు ఆకాశం నుంచి ఊడిపడలేదు. అది పాలకులు చేసిన పంపకం. అయినా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆడపిల్లను గర్భంలోనే తుడిచిపెట్టడంలో అపకీర్తి పొందిన హర్యానాలో 2011 నాటికి ఆరేళ్లలోపు వెయ్యి మంది మగపిల్లలకు 834 మంది ఆడపిల్లలే ఉండగా, ఈ నిరుపేద మేవాత్‌లో 906 మంది ఉన్నారు. పుట్టిన ఆడబిడ్డను బతకనిచ్చిన సమాజమిది. ఆ బిడ్డకు బడి కట్టించనిది ఎవరు?

మరో పోలిక చూడండి. 2019-21 సర్వే ప్రకారం బిహార్ హిందువుల సంతాన సాఫల్య రేటు దాదాపు 2.9. కేరళ ముస్లింలది 2.25. ముస్లింలు మూడింట రెండొంతులున్న జమ్ము కశ్మీర్‌లో 1.4. నూటికి 96 మంది ముస్లింలే అయిన లక్షద్వీప్‌లోనూ 1.4. మతమే కారణమైతే కశ్మీర్ బిహార్‌ను మించిపోవాలి. వాస్తవం తలకిందులుగా ఉంది. అదే సర్వేలో బడి ముఖం చూడని స్త్రీలకు సగటున 2.8 మంది పిల్లలు, పన్నెండేళ్లు చదివిన స్త్రీలకు 1.8 మంది. అక్కడ సర్వే అడిగింది ఎన్ని తరగతులు చదివావు అని. ఆ జవాబులోనే ఒక బిడ్డ తేడా తేలిపోయింది.

ఒకే దేశం, రెండు దారులు

దేశం సరిహద్దు దాటి చూస్తే ఇదే పాఠం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1947 నుంచి 1971 వరకు తూర్పు, పశ్చిమ పాకిస్తాన్‌లు ఒకే రాజ్యం. రెండు చోట్లా అత్యధికులు ముస్లింలే. 1961 జనగణనలో తూర్పున 5 కోట్ల మందికి పైగా ఉండగా, పశ్చిమాన 4.3 కోట్ల లోపే ఉన్నారు. 1970ల తొలినాళ్లలో రెండు చోట్లా ఒక్కో స్త్రీకి సగటున ఆరుగురికి పైగా పిల్లలు. తుపానులు, యుద్ధం, కరువుతో చితికిన బంగ్లాదేశ్‌లో ఆయుర్దాయం పాకిస్తాన్ కంటే ఎన్నో ఏళ్లు వెనుక ఉండేది.

నేడు ఏమైంది? 2023 జనగణనలో పాకిస్తాన్ జనాభా 24 కోట్లు దాటింది. 2022 జనగణనలో బంగ్లాదేశ్ 17 కోట్ల లోపే ఆగింది. బంగ్లాదేశ్‌లో సంతాన సాఫల్య రేటు రెండు చుట్టూ ఉంది. పాకిస్తాన్‌లో మూడున్నర దరిదాపుల్లో ఉంది. ఆయుర్దాయంలో బంగ్లాదేశ్ పాకిస్తాన్‌ను ఐదేళ్లకు పైగా దాటేసింది. భారతదేశ సగటును కూడా మించింది. మతం మారలేదు. మారినవి బడి, మందు, ఆడమనిషి చేతికి వచ్చిన సంపాదన.

అది ఎలా జరిగిందో మన కుటుంబాలు తెలుసుకోవాలి. 1980లలో అక్కడి బ్రాక్ సంస్థ కార్యకర్తలు ఇంటింటికీ నడిచి వెళ్లి, విరేచనాలతో నీరసించిన బిడ్డకు మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అరసేరు నీళ్లు కలిపి తాగించడం తల్లులకు నేర్పారు. పదేళ్లలో కోటికి పైగా ఇళ్లకు ఆ విద్య చేరింది. టీకాలు ఊరూరా అందాయి. కుటుంబ సంక్షేమ కార్యకర్తలుగా ఆడవాళ్లనే నియమించి, పరదా పాటించే ఇళ్ల గడపల వద్దకే పంపారు. 1994 నుంచి గ్రామాలలో హైస్కూలు చదివే ఆడపిల్లలకు ఉపకార వేతనం ఇచ్చారు. బడికి క్రమం తప్పకుండా రావాలి, పెళ్లి కాకుండా ఉండాలి అన్నది అందులో షరతు. దుస్తుల కర్మాగారాలు లక్షలాది యువతులకు జీతం ఇచ్చాయి. పుట్టిన బిడ్డ బతుకుతుందన్న నమ్మకం కలిగాక తల్లి తానే కాన్పులు తగ్గించుకుంది. అక్కడా బాల్యవివాహాలు నేటికీ తీరని మచ్చగానే ఉన్నాయి. సగం మందికి పైగా ఆడపిల్లలకు పద్దెనిమిదేళ్లలోపే పెళ్లి అవుతోంది. కాబట్టి ఆ దేశాన్ని స్వర్గంగా చూపడం నా ఉద్దేశం కాదు. ఎవరినీ బెదిరించకుండా, ఎవరి దీన్‌నూ నిందించకుండా ఇంత మార్పు సాధ్యమైందని చెప్పడమే ఉద్దేశం.

ఇరాన్ అనుభవమూ ఇదే. 1980ల మొదట్లో ఆరు దాటిన సంతాన సాఫల్య రేటు, పల్లెపల్లెనా ఆరోగ్య గృహాలు వెలిసి, ఆడపిల్లలు ఉన్నత చదువులకు వెళ్లాక, రెండు దశాబ్దాలలో రెండు కంటే దిగువకు వచ్చింది. అక్కడ పాలన ఉలమాల చేతిలోనే ఉంది.

అచ్చు వేయని పట్టిక

ఇప్పుడు ఆయుర్దాయం సంగతి. రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం వెలువరించే పట్టికల ప్రకారం కేరళలో పుట్టిన బిడ్డ సగటున 75 ఏళ్లు, జమ్ము కశ్మీర్‌లో 74 ఏళ్లు బతుకుతుందని అంచనా. ఉత్తరప్రదేశ్‌లో 66 ఏళ్లు దాటడమే కష్టంగా ఉంది. తెలుగు రాష్ట్రాలు రెండూ 70 దగ్గర ఉన్నాయి. అంటే కేరళకూ ఉత్తరప్రదేశ్‌కూ మధ్య దాదాపు తొమ్మిదేళ్ల మనిషి ఆయువు తేడా. ఏ రాష్ట్రంలో జనాభా నియంత్రణ చట్టం ముసాయిదాను 2021లో ఆర్భాటంగా ముందుకు తెచ్చారో, ఆ రాష్ట్రమే తన పౌరులకు అతి తక్కువ ఆయువు ఇస్తున్న పెద్ద రాష్ట్రాలలో ఒకటి. పుట్టుకలను ఆపే చట్టం రాయడానికి తీరిక దొరికిన ప్రభుత్వానికి, చావులను ఆపే ఆసుపత్రి కట్టడానికి తీరిక దొరకలేదు.

ఈ పట్టికలు రాష్ట్రాలవారీగా, స్త్రీ పురుషులవారీగా, పట్టణం పల్లెలవారీగా వస్తాయి. మతంవారీగా రావు. మనం ఎందరిని కంటున్నామో ప్రతి సర్వేలోనూ మతం పేరుతో అచ్చవుతుంది. మనం ఎన్నేళ్లకు చనిపోతున్నామో మాత్రం ప్రభుత్వ పట్టికలో మతం పేరుతో కనిపించదు. ఈ మౌనం యాదృచ్ఛికమని నమ్మడం కష్టం.

పరిశోధకులు ఆ ఖాళీని కొంత పూరించారు. తొమ్మిది రాష్ట్రాల సమాచారాన్ని పరిశీలించి 2022లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, అగ్రవర్ణ హిందువులతో పోలిస్తే ఆదివాసుల ఆయుర్దాయం నాలుగేళ్లకు పైగా, దళితులది మూడేళ్లకు పైగా, ముస్లింలది దాదాపు ఏడాది తక్కువ. అంటే ఈ దేశంలో ఆయువు కూడా కులమత నిచ్చెన మెట్ల ప్రకారమే పంపిణీ అవుతోంది. ఆ నిచ్చెనపై మనకంటే దిగువన నెట్టబడినవారు ఆదివాసులు, దళితులు. వారిని మరచి మన ఏడాదిని మాత్రమే అడగడం న్యాయం కాదు, తెలివీ కాదు.

పసిబిడ్డల బతుకు విషయంలో ముస్లింలు చాలాకాలం దేశ సగటు కంటే మెరుగ్గా ఉన్నారు. 2005-06 సర్వేలో వెయ్యి మంది శిశువులలో ఐదేళ్లలోపు చనిపోయినవారు హిందువులలో 76 మంది, ముస్లింలలో 70 మంది. పేదరికంలో ఉండి కూడా పసికందులను కాపాడుకున్న సముదాయానికి పెద్దయ్యాక దొరుకుతున్నదేమిటి? ముస్లింలు అధికంగా ఉన్న చిన్న గ్రామాలలో మూడో వంతు చోట్ల బడే లేదని, గణనీయంగా ఉన్న పెద్ద గ్రామాలలో 40 శాతం చోట్ల వైద్య సదుపాయమే లేదని సచార్ కమిటీ తేల్చింది. రోజంతా పొగాకు ధూళిలో బీడీలు చుట్టే తల్లికి, గాలి ఆడని గదిలో జరీ పని చేసే కొడుకుకి, పాత ఇనుము కొట్టులో గాయపడే తండ్రికి పింఛను లేదు, బీమా లేదు, దగ్గరలో డాక్టరూ లేడు. అల్లాహ్ ప్రసాదించిన ఆయువును తగ్గించే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు. నిర్లక్ష్యం ద్వారా తగ్గించడమూ తగ్గించడమే.

కంటే నేరం, కనకుంటే ద్రోహం

బలవంతం వల్ల ఏమి జరుగుతుందో ఈ దేశం చూసింది. ఎమర్జెన్సీ కాలంలో, 1976 నవంబరులో, అదే మేవాత్ ప్రాంతంలోని ఉటావర్ గ్రామాన్ని పోలీసులు తెల్లవారకముందే చుట్టుముట్టి మగవారిని కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు తరలించారు. 1976-77 ఒక్క ఏడాదిలోనే దేశవ్యాప్తంగా 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. ఫలితం? ఆసుపత్రి అంటేనే పేదవాడు జడుసుకున్నాడు. ప్రభుత్వం నష్టపోయింది, ఆ నష్టాన్ని మోసింది మాత్రం పేద తల్లులు.

ఇక మన తెలుగు నేలపై వింత చూడండి. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న మూడు దశాబ్దాల నాటి నిబంధనను 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ రద్దు చేసింది. ఎక్కువ మంది పిల్లలను కనండని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడే ప్రజలకు పిలుపునిచ్చారు. వృద్ధులు పెరుగుతున్నారు, పనిచేసే చేతులు తగ్గుతున్నాయి అన్నది ఆయన ఆందోళన. రాష్ట్ర సంతాన సాఫల్య రేటు 1.7కి పడిపోయిన మాట నిజం, ఆ ఆందోళనకు ఆధారమూ ఉంది. జనాభా తగ్గితే లోక్‌సభ స్థానాల్లో దక్షిణాది నష్టపోతుందన్న భయమూ ఉంది. అయితే ఒకటి అడగాలి. అందరూ ఎక్కువ మందిని కనండి అన్న పిలుపులో ముస్లిం తల్లి కూడా ఉందా? ఒకరి బిడ్డ రాష్ట్రానికి ఆస్తి, ఇంకొకరి బిడ్డ దేశానికి ముప్పు ఎలా అవుతుంది? బిడ్డ విలువ తల్లి కట్టిన బొట్టును బట్టో, వేసుకున్న బుర్ఖాను బట్టో మారితే, అది జనాభా విధానం అనిపించుకోదు.

మనవాళ్లతో రెండు మాటలు

ఈ దాడికి మనలో రెండు రకాల స్పందనలు కనిపిస్తున్నాయి. కొందరు సంఖ్యే బలం అని మీసం మెలేస్తారు. బడి మానేసిన ముగ్గురు పిల్లలు, రక్తహీనతతో పాలిపోయిన తల్లి ఉన్న ఇల్లు ఎవరికి బలం? ఆ మాట వేదికపై చెప్పేవారి ఇళ్లలో ఎందరు పిల్లలున్నారో, వారు ఏ పాఠశాలల్లో చదువుతున్నారో చూస్తే చాలు.

మరికొందరు చేతులు కట్టుకొని, మేమూ తగ్గించుకుంటున్నాం సార్ అని సంజాయిషీ చెప్పుకుంటారు. నేరమే లేనిచోట సంజాయిషీ దేనికి? సంజాయిషీ ఇచ్చిన ప్రతిసారీ మన బిడ్డల పుట్టుక ఒక అభియోగమని మనమే ఒప్పుకుంటున్నాం. ఆ ప్రశ్నకు జవాబివ్వడం మానేసి, మన ప్రశ్న మనం అడగాలి: మా బస్తీలో ప్రసూతి ఆసుపత్రి ఏది? మా వీధిలో ఆడపిల్లల హైస్కూలు ఏది?

ఆ ప్రశ్న అడిగే అర్హత కోసం మన ఇంటినీ సరిచేసుకోవాలి. 2019-21 సర్వేలో పద్దెనిమిదేళ్లలోపే పెళ్లయిన యువతులు ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం, తెలంగాణలో 23 శాతం పైచిలుకు. కేరళలో 6 శాతమే. ఇది అన్ని మతాల ఉమ్మడి లెక్క, అందులో మన ఆడబిడ్డల వాటా మనది. పదో తరగతి పరీక్షలు అయిన వారానికే సంబంధాలు చూసే తల్లిదండ్రులు, ఆ బిడ్డ ఆయువులో నుంచి కొన్నేళ్లు కోసి కట్నంతో పాటు ఇస్తున్నామని గ్రహించాలి. ఇల్మ్ సంపాదించడం విధి అని జుమా ఖుత్బాలో వింటాం. ఆ విధి ఇంటర్మీడియట్‌కు ముందే ఎందుకు ముగిసిపోవాలి?

2027 జనగణన ముందున్నది. ఈసారి కులగణన కూడా జరగనున్నది. ఈ సందర్భంగా మన సంఘాలు, మస్జిద్ కమిటీలు, విద్యావంతులు చేయవలసిన పనులు ఉన్నాయి. గణకుడు వచ్చినప్పుడు ఇంట్లోని ప్రతి మనిషి పేరు, వయసు, చదువు, కులం సరిగ్గా నమోదు చేయించాలి. ప్రతి జననాన్ని, ముఖ్యంగా ప్రతి మరణాన్ని కారణంతో సహా నమోదు చేయించాలి. ఖబరస్తాన్ రిజిస్టరులో పేరు రాస్తే సరిపోదు. పంచాయతీలో, మున్సిపాలిటీలో ధ్రువపత్రం తీసుకోవాలి. నమోదు కాని చావుకు ఏ ప్రభుత్వమూ జవాబుదారీ కాదు. ఆ తర్వాత ముస్లింల, దళితుల, ఆదివాసుల ఆయుర్దాయ పట్టికలను విడివిడిగా, ఏటా, జిల్లాలవారీగా ప్రచురించాలని ఈ మూడు సముదాయాలూ కలిసి రెండు తెలుగు ప్రభుత్వాలనూ, కేంద్రాన్నీ డిమాండ్ చేయాలి. మైనారిటీ సంక్షేమ బడ్జెట్టుకు ఆ పట్టికే కొలబద్ద కావాలి.

మలప్పురం తల్లికి, మేవాత్ తల్లికి దేవుడు ఒక్కడే. వారి మధ్య నిలిచిన తేడా ఒక బడి, ఒక ఆసుపత్రి, ఒక రోడ్డు, కొంత నిజాయతీ. వాటిని అడ్డుకున్నవారే వచ్చి మన పిల్లలను వేళ్లపై లెక్కపెడుతుంటే తలవంచుకొని నిలబడవలసిన అగత్యం మనకు లేదు. రేపు ఏ సభలోనైనా, ఏ చర్చలోనైనా, మీరు ఎందరిని కంటున్నారు అని ఎవరైనా అడిగితే, ఈ జిల్లాలో మేము ఎన్నేళ్లు బతుకుతున్నామో ముందు ఆ కాగితం చూపించండి అని అడగండి. ఆ కాగితం అచ్చయ్యే వరకు అడుగుతూనే ఉండండి.